ముప్ఫై సెకన్ల పలకరింపు

చెప్పుల దుకాణం గాజు తలుపు తోస్తూనే ఆమె ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కింది.

ముప్ఫై సెకన్లు. ఆలోగా దుకాణం మనిషి ఎదురొచ్చి పలకరించాలి. పలకరిస్తే 'అవును', లేకపోతే 'లేదు'.

హోటల్ రిసెప్షన్‌లో ఆమెది నిలువుకాళ్ళ ఉద్యోగం. మధ్యలో భోజనానికి దొరికే నలభై నిమిషాల్లో ఇంకో కొసరు ఉద్యోగం. మామూలుగా కొనడానికి వచ్చినట్టు దుకాణాలకు వెళ్ళి, అక్కడివాళ్ళు ఎలా మసలుకుంటున్నారో ఏజెన్సీకి రిపోర్టు రాయాలి. తానెవరో బయటపడితే ఆ పని ఊడుతుంది.

ఇంట్లో ఆమె పేరు గూఢచారి. భర్త కంచం ముందు పెట్టి, "ఎన్ని మార్కులు, గూఢచారిగారూ?" అని చేతులు కట్టుకుని నిలబడతాడు.

"నవ్వలేదు. రెండు కోత."

అలసిపోతున్నావు, మానెయ్యి అని ఆయన అంటే మాత్రం వినదు. రోజంతా అందరినీ తానే పలకరించే మనిషికి, ఆ కాసేపు ఎవరో ఒకరు ఎదురొచ్చి పలకరిస్తారు. అదంటే ఆమెకు ప్రాణం.

దుకాణంలో యాభై దాటిన సేల్స్ ఆవిడ ఒకామె అట్టపెట్టెలు సర్దుతోంది. బ్యాడ్జీ మీద 'శిక్షణలో' అని ఉంది. పక్కన మేనేజరు, గొంతైనా తగ్గించకుండా చెబుతున్నాడు.

"ఈ నెల రిపోర్టు రానీండి. బాగుంటే పర్మనెంటు. లేదంటే నన్నేం అనుకోవద్దు, వేరే పని చూసుకోవాల్సిందే."

అనేసి లోపలికి వెళ్ళిపోయాడు.

పన్నెండు సెకన్లు. సేల్స్ ఆవిడ తలెత్తింది. చూపులు కలిశాయి.

"రండి, మీకు ఏ విధంగా సాయపడగలను?"

ఆ మాట అన్నది సేల్స్ ఆవిడ కాదు.

పొద్దుట్నుంచి వందసార్లు అన్న మాట. ఎదురుగా మనిషి కనబడగానే నోరు దాని పని అది చేసేసింది. ఆమె నాలుక కరుచుకుంది.

సేల్స్ ఆవిడ తెల్లబోయింది. మరుక్షణం ఫక్కున నవ్వింది.

"సాయమా తల్లీ? కాళ్ళు పీకేస్తున్నాయి. కాసేపు కూర్చోబెట్టగలరా?"

"మీకు స్టూలు లేదా?"

"కొనేవాళ్ళకి సోఫా ఉంది. మేం కూర్చుంటే ఊరుకోరు. సర్లెండి, నా గోలకేం గానీ, కాలు ఇలా పెట్టండి."

ఆవిడ నేలమీద కూలబడి కాలు కొలిచింది. అంతటితో ఊరుకోక రెండోదీ కొలిచింది.

"కుడికాలు కాస్త పెద్దదమ్మా మీకు. ఇన్నాళ్ళూ ఎడమకాలి సైజు కొంటున్నట్టున్నారు. అందుకే ఈ ఆనెకాయ. రోజంతా నిలబడతారా?"

"ఊఁ."

"పైన మెరిసేవన్నీ చూడ్డానికే. మీకివి చాలు" అంటూ కింది అరలోంచి ఒక సాదా జత తీసింది.

వాటితో నాలుగడుగులు వేసి ఆమె ఆగిపోయింది. నొప్పి లేదు. ఆ సంగతి నమ్మడానికి ఇంకో నాలుగడుగులు వేసింది.

కొత్త చెప్పులతోనే పరుగున హోటల్‌కు వచ్చి, వెనక మెట్ల మీద రిపోర్టు తెరిచింది. ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి.

మొదటి ప్రశ్న: ముప్ఫై సెకన్లలోగా ఉద్యోగి పలకరించారా?

'అవును' అంటే అబద్ధం. 'లేదు' అంటే ఆవిడ ఉద్యోగం గల్లంతు. ఖాళీగా వదిలేస్తే రిపోర్టు ముందుకు కదలదు.

ఏజెన్సీకి ఫోన్ చేసింది.

"పలకరించిందా, లేదా? ఉన్నవి రెండే గడులు కదండీ" అన్నాడు అక్కడి అధికారి.

"నేనే పలకరించేశానండీ."

"మీరా!"

"అలవాటులో నోరు జారింది. ఆవిడకు అవకాశమే ఇవ్వలేదు. తప్పు నాది. ఇంకెవరినైనా పంపండి."



"అలాగే పంపుతాను. కానీ పరీక్ష చెడింది కాబట్టి, రూలు ప్రకారం మీకు మూడు నెలలు పని ఆపేయాలి. తెలుసుగా?"

తెలుసు.

"చివర్న ఒక్క మాట రాయచ్చా?"

"రాయండి. దుకాణంవాళ్ళకు చేరేస్తాను."

'రెండు కాళ్ళూ కొలిచింది. ఆవిడకు ఒక స్టూలు వేయించండి.'

ఆ మూడు నెలలూ మెట్ల మీదే భోజనం చేసింది. ఎవరూ పలకరించలేదు. కాళ్ళు మాత్రం హాయిగా ఉన్నాయి.

గడువు తీరిన రోజున, పని కోసం కాకుండా, ఊరికే ఆ దుకాణం తలుపు తోసింది. స్టాప్‌వాచ్ నొక్కలేదు.

సేల్స్ ఆవిడ కౌంటరు వెనక బూట్లకు లేసులు ఎక్కిస్తోంది. బ్యాడ్జీ మీద 'శిక్షణలో' అన్న మాట లేదు. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఆగండాగండి, ఈసారి నేను ముందు!" అంటూ లేచింది. "రండి, మీకు ఏ విధంగా సాయపడగలను?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"స్టూలు వచ్చిందే!"

"ఎవరో రాశారట. ఏ తల్లి కన్న బిడ్డో, పేరు కూడా చెప్పలేదు. మరి మీ దగ్గరో?"

"మాకింకా లేదు."

"వస్తుంది లెండి. అక్కడా ఎవరో ఒకరు రాయకపోతారా?"

ఆ సాయంత్రం డ్యూటీ దిగేముందు, అతిథుల సలహాల కోసం కౌంటరు మీద పెట్టిన కార్డుల్లోంచి ఆమె ఒకటి తీసుకుంది.

'ఇక్కడ నిలబడేవాళ్ళకు స్టూళ్ళు కావాలి' అని రాసింది.

కింద గీత మీద, ఈసారి తన పేరు రాసింది.