రెండోసారి తొక్కుడు

"బ్రేకు తొక్కి కాలు తియ్యకున్రి మేడమ్," బానెట్ లోపలికి చూస్తూ అన్నాడు మెకానిక్ ఖలీల్.

సువర్ణ తొక్కింది. పెడల్ మెత్తగా కిందికి జారిపోయింది.

"అడుగుకే పోతాంది భాయ్. రెండోసారి తొక్కితే పట్టుకుంటది."

"ఎప్పటి సంది గిట్లుంది?"

"ఆర్నెల్ల సంది."

"ఆయిల్ బయటికి కారుతలేదు. బ్రేకుకు ఒత్తిడిచ్చే మాస్టర్ సిలిండర్ లోపల్నే ఖరాబైంది, ఎప్పుడన్న బ్రేకు పడకపోవచ్చు. ఇన్ని దినాలు ఎట్ల నడిపిన్రమ్మా?"

బండి పక్కన నిలబడి, ఫోను చెవికి పెట్టుకునే నవ్వాడు ఆమె భర్త సుధాకర్. "పాత బండి గట్లనే ఉంటది, రెండుసార్లు తొక్కుమని నేనే చెప్పిన. అలవాటైంది. రోజూ అలియాబాద్ నుంచి హైవే మీద పాపను బడికి దించొస్తది."

"మరి ఇయ్యాల ఎందుకు తెచ్చిన్రు సార్?"

"నా కొత్త బండి సర్వీసింగుల ఉన్నది. రేపు మా పార్టీ అధ్యక్షుణ్ణి నేనే దీంట్ల తోల్కపోవాలె. ఆయనకేమన్న అయితే మన ఇజ్జత్ పోతది. జర జల్దీ చెయ్."

సువర్ణ పెడల్ మీది కాలు తీసింది. అద్దంలో వెనక సీటు కనిపించింది. ఆర్నెల్లుగా అక్కడ కూర్చున్నది తన బిడ్డ.

దిగివచ్చి బానెట్ తానే ధడేలున మూసింది.

"ఇయ్యాల ఏం చెయ్యకు భాయ్. రేపు సారే నడుపుతడు. రెండుసార్లు తొక్కుతడు తియ్యి."