పక్కకు రా యశోదా

"నా రెండు చెవులతో విన్నానే మల్లీ. 'యశోదా! పక్కకు రా యశోదా!' అని వీధంతా వినపడేటట్టు పిలుస్తాండాడు మీ ఆయన," అంది పక్కింటి సుశీలమ్మ, మునగాకు దూస్తూ. "పలకల ఫ్యాక్టరీ మీదుగా కూరగాయలకు పోతావుంటిని. ఆగి చూద్దామంటే, ఎవరో ముసలామె ఎర్రగుడ్డ అడ్డం పట్టి నన్ను అటు పొమ్మనె."

మల్లి చేతిలోని చాట కింద పెట్టింది. యశోద అన్న పేరు ఆమెకు కొత్త కాదు. పుల్లలచెరువు నుంచి కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే మొగుడు నిద్రలో ఆ పేరు పలవరించడం విన్నది. ఎవరని అడిగితే కొండలరావు అటు తిరిగి పడుకున్నాడు. మల్లి ఇటు తిరిగి ఏడ్చింది.

"పనిలో ఆడోళ్ళుంటారు గదత్తా, పిలవకుంటే ఎట్ల?" అంది పైకి.

"పిలిస్తే తప్పు లేదులే. అంత ప్రేమగా పిలవాల్నా అని!"

ప్రేమగానా? తనను ఆయన పేరు పెట్టి పిలిచింది ఏనాడు? "ఏమే", లేకపోతే "ఇదిగో". అంతే. పైగా ఆ హెల్మెట్ సంగతొకటి. కొండలరావు పాత కట్టడాలు పడగొట్టే మేస్త్రీ. పనివాళ్ళందరికీ కొత్త హెల్మెట్లు కొనిచ్చాడు గానీ, తాను మాత్రం రంగు వెలిసిన పసుపుపచ్చదే పెట్టుకుంటాడు. మొన్న దాన్ని తుడవబోతే లోపల ఎర్రటి బొట్టుబిళ్ళ కనిపించింది. మల్లి కుంకుమే తప్ప బిళ్ళ పెట్టదు. గోటితో గీకబోయేసరికి ఆయన గబుక్కున లాక్కున్నాడు.

"దాని జోలికి పోవద్దు," అన్నాడు.

హెల్మెట్ జోలికా, బిళ్ళ జోలికా, బిళ్ళ పెట్టుకున్నదాని జోలికా? అడగాలనుకుని మింగేసింది. ఇక మింగదల్చుకోలేదు.

మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని బయలుదేరింది. అన్నం ఒక సాకు. అసలు పని యశోద మొహం చూడటం, వీలైతే జుట్టు పట్టుకోవడం. ఆమె తనకంటే బాగుంటే ఏం చెయ్యాలో మాత్రం ఆలోచించుకోలేదు.

మార్కాపురం శివార్లలోని ఆ పాత పలకల ఫ్యాక్టరీ అప్పటికే సగం కూలి ఉంది. ఆడవాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని, రాళ్ళూ మట్టీ ఒంటిచక్రం బండ్లలో తోసుకెళ్తున్నారు. ఒక్కరి నెత్తి మీదా గంప లేదు. మల్లి ఒక్కొక్క మొహమే పరీక్షగా చూసింది. ఈమె కాదులే, వయసు మళ్ళింది. ఈమె కూడా కాదు, మరీ చిన్నపిల్ల. ఆ నల్లచీర మనిషా? అదైతే తన మొగుడికి కళ్ళు పోయినట్టే.

గోడ అవతల నుంచి గొంతు వినిపించింది.

"యశోదా! పక్కకు రా యశోదా!"

సుశీలమ్మ చెప్పింది తక్కువే. అంత ఆత్రం, అంత బతిమాలడం ఆ గొంతులో మల్లి ఎన్నడూ ఎరగదు. పనివాళ్ళంతా బండ్లు ఎక్కడివక్కడ వదిలేసి రోడ్డు మీదికి వచ్చేశారు. 'ఓహో, వాళ్ళిద్దరికీ చోటిస్తున్నారన్న మాట' అనుకుంది మల్లి. అసూయతో కళ్ళు కనపడలేదు. క్యారియర్ అక్కడే పడేసి గోడ వైపు పరుగెత్తింది.

ఎవరో జబ్బ పట్టి వెనక్కి లాగారు. ఎర్రగుడ్డ పట్టుకున్న ముసలామె.

"గురమ్మత్తా, అందరూ వచ్చినారా?" అవతల నుంచి అడిగాడు కొండలరావు.

"ఆగు నాయనా, ఇంకొకామె ఉంది." గురమ్మ మల్లిని రోడ్డు దాకా ఈడ్చుకొచ్చింది. చుట్టూ ఒకసారి చూసుకుంది. "ఇంక కానీ!"

గోడ కూలింది. మల్లి ఇందాక నిలబడిన చోట రాళ్ళు కుప్పపడ్డాయి. ఆమె అది గమనించనైనా లేదు. ఆ దుమ్ములో ఆడమనిషి కోసం వెతుకుతోంది.

"వదులవ్వా! ఆ యశోద ఎవరో ఈరోజు తేలాల!"

"నా కూతురు," అంది గురమ్మ.

మల్లి తడబడింది. అయినా తగ్గలేదు. "ఆయన హెల్మెట్లో బిళ్ళ కూడా దానిదేనా?"

"దానిదే. ఆ హెల్మెట్టూ దానిదే. అది ఉంటే నెత్తిన గంప నిలవదని తీసి పక్కన పెట్టింది. చెమటకు ఊడిన బిళ్ళ దాంట్లోనే అంటించింది."

"దాన్ని నా మొగుడు నెత్తిన పెట్టుకుని తిరగతా ఉంటే నువ్వు చూస్తా ఊరకున్నావా? ఏం తల్లివి నువ్వు?"

దుమ్ములోంచి కొండలరావు వచ్చాడు. మల్లిని చూసి ఆగిపోయాడు. హెల్మెట్ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నా మొగుణ్ణి నేనెవరికీ ఇయ్యను. పిలువవ్వా దాన్ని!" మల్లికి ఏడుపు తన్నుకొచ్చింది. "ఆయన అంతగా పిలుస్తా ఉంటే రాకుండా, యాడికి పోయింది నీ కూతురు?"

గురమ్మ ఎర్రగుడ్డ మడిచి చంకలో పెట్టుకుంది.

"నీ మొగుడు పిలవకుండా తోసిన గోడ కిందనే పోయింది, తల్లీ."