నాలుగేళ్ళకు పూసే మొక్క

ఆ పొద్దున నేనూ చెల్లీ నర్సరీకి వెళ్ళాం. స్లిప్పర్ ఆర్కిడ్ల బల్ల దగ్గర చెల్లి కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో ఆకూ తిప్పి చూసింది.

"కొత్తగా పెంచేవాళ్ళు మొగ్గ తొడిగింది తీసుకోండమ్మా. ఆ పిల్లమొక్క పూయాలంటే నాలుగేళ్ళు," అంది నర్సరీ ఆవిడ.

చెల్లి పిల్లమొక్కే తీసుకుంది. "మా అక్కకి ఓపికెక్కువ. దేవుడు పలుకుతాడని ముప్ఫయ్యేళ్ళుగా కాచుక్కూర్చుంది!"

ఇంటికొచ్చాక కుండీ నా గది కిటికీలో పెట్టింది. "ఆకుల మధ్య నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుందక్కా. చూసి నేర్చుకో."

"నువ్వున్నావుగా," అన్నాను.

"పూసిన రోజు నన్ను తలుచుకో," అని నవ్వింది.

ఆ సాయంత్రం తను కునుకు తీస్తుండగా ఇంట్లోవాళ్ళమంతా కూర్చుని తీర్మానించుకున్నాం, తనకు డాక్టరు చెప్పిన మూడు నెలల గడువు మాట చెల్లికి తెలియనివ్వకూడదని. నేనూ సరేనన్నాను.