నంబరు గీకిన సామాను

"గిది కారా, సంత సామానా?" అంది షెడ్డు పక్కన చాయ్ అమ్మే సైదమ్మ.

మెకానిక్ కాటమయ్య బానెట్ కింది నుంచి తల ఎత్తలేదు.

సైదమ్మ మాటలో అబద్ధం లేదు. అది రెండు తలుపుల ఇంగ్లీషు కారు. ఒకప్పుడు ఎవరో షోకు కోసం తోలిన బండి. చివరికి వనపర్తి దగ్గర రైసుమిల్లు వెనక పడి, కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చింది. కాటమయ్య దాన్ని ఎడ్లకు కట్టి కొత్తకోట దాకా లాక్కొచ్చాడు. జీపు రేడియేటరు పెట్టాడు. ట్రాక్టరు దీపం పెట్టాడు. తలుపుకు ఇంటి గొళ్లెం బిగించాడు. డ్రైవరు పక్క సీటు పీకేసి, మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత నులక మంచం అమర్చాడు.

దవాఖానకు పోవాల్సినవాళ్లు ఎవరొచ్చినా తీసుకుపోవాలి. ఆ కారుతో అతనికున్న పని అదొక్కటే.

ఏడేళ్ల కిందట, కాన్పు నొప్పులు పడుతున్న భార్య నర్సింగమ్మను ఎడ్లబండిలో పాలమూరు తీసుకుపోతున్నాడు. మిట్టమధ్యాహ్నం. వెనక స్టెప్నీ చక్రం కట్టుకున్న ఆకుపచ్చ కారొకటి వచ్చింది. కాటమయ్య సడక్ నడుమ చేతులెత్తి నిలబడ్డాడు. కారు పక్కకు తిప్పుకుని వెళ్లిపోయింది. తోలినవాడి ముఖం దుమ్ములో కనబడలేదు.

దవాఖాన చేరకముందే బండిలో నర్సింగమ్మ మూలుగు ఆగిపోయింది.

కాటమయ్య ఆ రోజు ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయింది.

కారు సగం అయ్యాక ఒకనాడు మాసిన ధోవతితో ఒక ముసలాయన వచ్చాడు. చేతిలో తువ్వాల మూట.

"గిది సరిపోతదేమో సూడు."

మూటలో కార్బురేటర్. పెట్టి చూస్తే కొలత తీసి చేసినట్టు కూర్చుంది.

"హైదరాబాదంత తిరిగిన, దొరకలే. నీకేడ దొరికింది?"

"ఉండె."

"ఎంతియ్యాలె?"

"ఒక చాయ్ తాపియ్యి, సాలు."

మరో వారం పెట్రోలు పంపు తెచ్చాడు. ఆపై వారం గేరు రాడ్డు. ప్రతిసారీ ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని, పని చూసి వెళ్లేవాడు. ఒకసారి మాత్రం అడిగాడు.

"కార్ల మంచమెందుకు?"

"కాన్పుకు పోయే ఆడోళ్ల కోసం."

ముసలాయన ఆ రోజు చాయ్ తాగకుండానే లేచి వెళ్లాడు.

నాలుగోసారి డిస్ట్రిబ్యూటర్ తెచ్చాడు. ప్లగ్గులకు నిప్పు పంచేది అదే. కాటమయ్య దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. నంబరు ఉండాల్సిన చోట ఆకురాయి గీతలు. అనుమానంతో బానెట్ కింద వంగి మిగతావీ చూశాడు. అన్నిటి మీదా అవే గీతలు.

మెకానిక్కుల లోకంలో నంబరు గీకేది ఒక్క దొంగే.

"ఎవలింట్ల పీకినవ్, ముసలాయనా?"

ముసలాయన బానెట్ వైపు చూశాడు.

"దొంగ సామానేనా?"

"గిదొక్కటి పెట్టుకో, కాటమయ్యా. గిది లేకుంటే బండిని నమ్మరాదు."

"దొంగ సామాను మీద రోగిని పండబెట్టను. లే ఈడికెల్లి."

మూట చేతిలో కుక్కి పంపేశాడు. ముసలాయన సడక్ పట్టుకుని నడిచాడు.

ముందు బిగించినవి మాత్రం కాటమయ్య విప్పలేదు. విప్పితే పెట్టడానికి వేరేవి లేవు. నీతిని కూడా అక్కడ కాస్త సర్దుకున్నాడు.

పాత జీపుది ఒక డిస్ట్రిబ్యూటర్ అరగదీసి ఇరికించాడు. కారు మూడుసార్లు తిప్పితే ఒకసారి అందుకునేది.

పది రోజుల తర్వాత, పొద్దున్నే జానయ్య అనే జీతగాడు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. అతనిది అడ్డాకుల దిక్కు ఊరు.

"అన్నా, మా పటేలుకు ఛాతిల నొప్పి. లేస్తలేడు. జర జల్ది రా!"

అదే మొదటి పిలుపు. కాటమయ్య హ్యాండిల్ వేసి తిప్పాడు. అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. జానయ్య తోశాడు. చాయ్ కుండ దించి సైదమ్మ కూడా తోసింది. ఎండ నెత్తి మీదికొచ్చాక గాని ఇంజన్ దగ్గలేదు.

వెళ్లేసరికి పటేలును మంచం మీంచి దించి నేల మీద పడుకోబెట్టారు.

ఆ ముసలాయనే.

తల దగ్గర తువ్వాల మూట విప్పి ఉంది. అందులో డిస్ట్రిబ్యూటర్.

"గడియ కింద పోయిండు," అంది ఆయన భార్య సుభద్రమ్మ. "కారొస్తదని దర్వాజ దిక్కే సూసిండు."

కాటమయ్య డిస్ట్రిబ్యూటర్ చేతిలోకి తీసుకున్నాడు.

"గీ నంబరు..."

"ఆయనే గీకిండు. ఎందుకట్ల అంటే, ఎవల బండివో మెకానిక్‌కు తెల్వద్దన్నడు. తెలిస్తే పెట్టుకోడన్నడు."

"ఎవల బండివమ్మా?"

"మాదే. ఏడేండ్ల కింద పాలమూరు నుంచి వచ్చి, కొట్టంల ఇటుకల మీద ఎక్కిచ్చిండు. మళ్ల తోల్లే. ఎందుకో నాకు గూడ చెప్పలే."

కాటమయ్య కొట్టంలోకి వెళ్లి గోనెపట్టా ఎత్తి, బానెట్ తెరిచాడు.

కార్బురేటర్ లేదు, పంపు లేదు, గేరు రాడ్డు లేదు; మిగిలింది ఆకుపచ్చ రంగూ, వెనక కట్టిన స్టెప్నీ.