గోరు తెల్లబడేదాకా

అంట్లు తోముతుండగా ఫోన్ వచ్చింది. సబ్బు చేత్తోనే ఎత్తింది బుజ్జి.

రుమటాలజీ శిక్షణలో ఒక సీటు ఖాళీ అయిందట. వరసలో తర్వాతి పేరు ఆమెదేనట. ఈ పూటే వచ్చి పరీక్షకు కూర్చోవాలట.

అక్క ఆమె చేతిలోని గిన్నె లాక్కుని స్నానానికి తరిమింది. బావ పరుగున వెళ్ళి కారు తీశాడు.

"కీళ్ళ డాక్టరువయ్యాక మొట్టమొదట చూడాల్సింది నా నడుమే," అన్నాడు దారిలో.

బుజ్జికి నవ్వొచ్చింది. ఆ వెంటే గుబులూ పుట్టింది.

కీళ్ళవాతం వైద్యం ఆమె సొంత దేశంలో నేర్చుకునే వచ్చింది. అక్కడ జనరల్ మెడిసిన్ ముగించి, ఆపైన ఈ చదువు చదవాలి. ఈ పరాయి దేశంలో రెండూ కలిపి, వార్డుల్లో పనిచేయిస్తూ ఏళ్ళ తరబడి నేర్పుతారు. అక్కడి చదువు ఇక్కడ సగమే చెల్లింది. మిగతా సగం కోసం ఒక్క సీటు దొరక్క, ఇన్నాళ్ళూ అక్క ఇంట్లో కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది.

పరీక్ష గది బయట బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. వయసు నలభై లోపే. వేళ్ళ కణుపులు మాత్రం ఉబ్బి ఎర్రబారాయి. నీళ్ళ సీసా మూత తిప్పలేక అవస్థ పడుతున్నాడు.

బుజ్జి తీసిచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు. సంతోషం పట్టలేక, అడగకపోయినా అంతా చెప్పేసింది. తను చదివినచోట మొదటి నుంచీ స్కానింగ్‌లో కీలు లోపలికి చూడడం నేర్పారనీ, రోగుల రద్దీలో తీరిగ్గా చెయ్యి పట్టుకుని చూసే వీలుండేది కాదనీ, ఇక్కడేమో ముందు చేత్తో నొక్కి చూసే చెప్పమంటారనీ, అదే తన భయమనీ అంది.

ఆయన శ్రద్ధగా విని చెయ్యి చాపాడు.

"నొక్కి చూడండి డాక్టర్ గారూ."

"నొప్పెడుతుందేమోనండీ."

"ఎలాగూ ఉన్న నొప్పే. దీన్ని చాలామంది నొక్కారు. ఎవరు సరిగ్గా నొక్కుతారో నాకు తెలుసు."

బుజ్జి భయపడుతూ బొటనవేలు ఆనించింది.

"ఇంకొంచెం. మీ గోరు తెల్లబడేదాకా. అక్కడితో ఆపాలి. కింద ఇంకో వేలు ఆనించండి. ఆఁ, అలా."

ఆమె మరో కణుపు పట్టుకుంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"చేతికేసి చూస్తున్నారు. మొహం చూడాలి. డాక్టర్ని నొప్పించడం ఎందుకని, మేం నొప్పి లేదనే చెప్తాం. రెప్ప దగ్గర తెలిసిపోతుంది."

తర్వాతి కణుపులో నొప్పుందో లేదో సరిగ్గా చెప్పింది. ఆ తర్వాతదీ చెప్పింది. బుజ్జికి ఒళ్ళంతా ఉత్సాహం పొంగుకొచ్చింది. మీరేం పని చేస్తారని అడిగింది.

"చేతులతో చేసే పనేనమ్మా. ఇవాళ్టితో మానేశాను."

వడ్రంగి అయ్యుంటాడనుకుంది. మనసు చివుక్కుమంది. ఈ జబ్బు ఎందుకొస్తుందో చిన్నపిల్లాడికి చెప్పినట్టు విడమరిచి చెప్పింది. మందులు మధ్యలో ఆపొద్దంది. ఆయన బుద్ధిగా తలూపాడు.

లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"ఎక్కడికీ వెళ్ళకండి," అంది లేస్తూ. "సీటొస్తే మా బావ కంటే ముందు మిమ్మల్నే చూస్తాను."

లోపల పెద్ద డాక్టరమ్మ ఒక ముసలావిడను కూర్చోబెట్టింది. రిపోర్టులూ స్కానులూ పక్కకి తోసేసి, ఏ కీళ్ళలో వాపూ నొప్పీ ఉన్నాయో చేత్తోనే చూసి చెప్పమంది.

బుజ్జి గోరు తెల్లబడేదాకా నొక్కింది. ముసలావిడ ఏం నొప్పి లేదంది. రెప్ప అదిరింది.

చెప్పినవన్నీ సరిపోయాయి. పెద్ద డాక్టరమ్మ లేచొచ్చి చెయ్యి కలిపింది. సోమవారం చేరిపొమ్మంది. బుజ్జి కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

"అక్కడ చదివొచ్చినవాళ్ళకి ఈ పట్టు అంత తొందరగా రాదు. ఎవరు నేర్పారు?" అని అడిగింది డాక్టరమ్మ.

బయట బెంచీ మీదున్న, వేళ్ళ కణుపులు ఉబ్బిన పేషెంటని చెప్పింది బుజ్జి. ఆయన్ని తనే చూడొచ్చా అని అడుగుతూ తలుపు తీసింది.

బెంచీ మీద ఎవరూ లేరు.

డాక్టరమ్మ ఆమె వెనకే వచ్చి ఖాళీ బెంచీకేసి చూసింది.

"అతనూ నీలాగే అక్కడ చదివొచ్చి, ఇక్కడ మళ్ళీ మొదలుపెట్టిన డాక్టరేనమ్మా. సెలవు పెట్టి చేతులు బాగు చేసుకో, సీటు నీకే ఉంచుతానన్నాను. వరసలో ఉన్న అమ్మాయికి ఇంకో ఏడాది పోతుందని, ఇవాళ పొద్దున్నే ఆ సీటు వదిలేసుకున్నాడు."