అరువుకిచ్చిన గోడ

“అరువివ్వడానికి మావాడేమైనా నిచ్చెనా సార్?” అంటూ మామయ్య బల్ల గుద్దేసరికి మేనేజరుగారి టీ కప్పు సాసర్లో ఎగిరిపడింది.

పక్క కుర్చీలో మేనల్లుడు మోకాళ్ల మధ్య చేతులు దూర్చుకుని కూర్చున్నాడు. వయసు ఇరవై రెండు, ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, ఈ నీలంచొక్కాల ఫుట్‌బాల్ క్లబ్బులో డిఫెండరు. ‘గోడ’ అని బిరుదు. ఆ బిరుదిచ్చింది మామయ్యే. జనం మాత్రం ‘గేటు’ అనేవాళ్లు, అదీ బార్లా తీసి ఉన్న గేటు. ఎదుటివాడు బంతితో దూసుకొస్తుంటే కుడికి వెళ్లాలా ఎడమకి వెళ్లాలా అని వీడు తేల్చుకునేలోపు వాడు గోలు కొట్టి, చిందులేసి, చొక్కా సర్దుకుని వెనక్కి కూడా పోయేవాడు.

వేసవికి ఒప్పందం ముగుస్తుంది. క్లబ్బు మళ్లీ సంతకం పెట్టించుకోకపోతే ఇంకెవరూ వీణ్ణి గుమ్మం తొక్కనివ్వరు. ఇక మిగిలేది మామయ్య టైర్ల కొట్టే. పదేళ్ల వయసు నుంచి ఫుట్‌బాల్ తప్ప మరో ధ్యాస లేనివాడు. ఆ కొట్టంటే వాడికి జైలే.

“అరువంటే పరువు తక్కువేం కాదండీ,” అన్నాడు మేనేజరు. “మీవాడు మా ఆటగాడిగానే ఉంటాడు. మిగిలిన సగం సీజను వేరే జట్టుకి ఆడొస్తాడు, అంతే. పైగా ఎవరికనుకున్నారు? ఎర్రచొక్కాలకి!”

మళ్లీ గుద్దబోయిన మామయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎర్రచొక్కాలంటే లీగులో అందరికంటే పైనున్న జట్టు.

“వాళ్లకా? మావాణ్ణా?” అనేసి, నాలుక్కరుచుకున్నాడు. “అదే, అడగడానికి ఇంతాలస్యమెందుకు చేశారా అని!”

“వాళ్ల డిఫెండర్లిద్దరికీ కాళ్లు విరిగాయి. మీవాడి జీతం మొత్తం మేమే ఇస్తాం. ఒక్కటే షరతు పెట్టాం. ప్రతి మ్యాచ్‌లోనూ మీవాణ్ణి దింపాల్సిందే. బెంచీ మీద కూర్చోబెడితే జరిమానా. మాతో ఆడేరోజు మాత్రం దిగకూడదు, అది లీగు రూలు.”

“ఆ రూలు మీ మంచికేలెండి. మావాడు ఎదురుగా నిలబడితే మీవాళ్లు గోలెలా కొడతారు పాపం!”

మెట్లు దిగుతూ మామయ్య పొంగిపోయాడు. “చూశావురా, నీమీద ఎంత నమ్మకమో! షరతు రాయించి మరీ ఆడిస్తున్నారు.”

“నిజంగా నమ్మకమేనంటావా మామయ్యా?”

“మరి కాకపోతే? జీతం వీళ్లిచ్చి ఆట వాళ్లకెందుకు ఆడిస్తారు? నిన్ను సానబెట్టడానికిరా పిచ్చోడా!”

ఎర్రచొక్కాల యజమాని పరమ పిసినారి. ఉత్తపుణ్యానికి డిఫెండరు దొరికాడని కళ్లకద్దుకున్నాడు. మొదటి మ్యాచ్‌లో మూడు గోల్సు పడ్డాయి. రెండో మ్యాచ్‌లో మన గోడ ఎంతో అందంగా ఎగిరి, తలతో కొట్టి, తన జట్టు గోల్లోకే బంతి పంపించాడు. మూడో మ్యాచ్‌లో సొంత గోల్‌కీపర్నే గుద్దేసి స్ట్రెచర్ ఎక్కించాడు. వీణ్ణి బెంచీ మీద కూర్చోబెడతానని కోచ్ కాళ్లావేళ్లా పడ్డాడు.

“జరిమానా మీ నాన్న కడతాడా?” అన్నాడు యజమాని. గోడ ఆడుతూనే ఉన్నాడు.

కుర్రాడు కష్టపడలేదంటే కళ్లు పోతాయి. అందరూ ఇళ్లకి పోయాక కూడా ఒంటరిగా ప్రాక్టీసు చేసేవాడు. స్నానాల గదిలో షవరు తిప్పి, ఆ చప్పుడు మాటున ఏడ్చేవాడు. మ్యాచ్ అవగానే మామయ్యకి ఫోను.

“ఇవాళ నాలుగు పడ్డాయి మామయ్యా.”

“నాలుగేగా! మొన్న అయిదు. దార్లో పడుతున్నావు.”

సీజను ముగిసేసరికి ఎర్రచొక్కాలు నాలుగో స్థానానికి జారిపోయాయి. కప్పు నీలంచొక్కాలకి దక్కింది. నిన్నటిదాకా తనతో కలిసి పరిగెత్తినవాళ్లు కప్పు ఎత్తుకుని ఊరేగుతుంటే, గోడ పరాయి డ్రెస్సింగ్ రూములో కూర్చుని టీవీలో చూశాడు. చూస్తూ చూస్తూనే ఫోను తీశాడు.

“అయిపోయింది మామయ్యా. నేను లేని ఏడాదే గెలిచారు. ఇంక నాతో వాళ్లకేం పని? కొట్లో ఇంకో స్టూలు వేయించు.”

మామయ్య ఫోను పెట్టేసి, కొట్లో ఇంకో స్టూలుకి చోటుందేమోనని చూశాడు.

వారం తిరక్కుండానే క్లబ్బు నుంచి పిలుపొచ్చింది. అదే గది, అదే బల్ల. ఈసారి మామయ్య బల్ల జోలికి పోలేదు. చేతులు కట్టుకుని, గొంతు తగ్గించుకుని, “కుర్రాడు సార్, ఇంకొక్క ఏడాది చూడండి” అని మొదలుపెట్టేలోపే మేనేజరు లేచొచ్చి గోడని గట్టిగా కావలించుకున్నాడు.

“ఒక్క ఏడాదేమిటండీ? అయిదేళ్లు! జీతం రెట్టింపు! మా ఛైర్మన్‌గారి మాట ఇది.”

మామయ్య కుర్చీ తడుముకుని కూర్చున్నాడు. గోడ అబద్ధం ఆడలేడు. “సార్, అక్కడ నేనేమంత బాగా ఆడలేదు సార్.”

“ప్రతి మ్యాచూ చూశాం బాబూ, ఒక్కటీ వదల్లేదు. నీ విలువేంటో ఇప్పుడు తెలిసొచ్చింది మాకు.”

“నేను ముందునించీ మొత్తుకుంటూనే ఉన్నా!” మామయ్యకి ప్రాణం లేచొచ్చింది, గొంతూ లేచొచ్చింది. “గోడ సార్ వాడు, గోడ! పెట్టరా సంతకం!”

గోడ సంతకం పెట్టాడు. టైర్ల కొట్టు గండం గడిచిందన్న సంతోషంతో కళ్లు తుడుచుకున్నాడు.

“మీ రుణం ఉంచుకోను సార్. వచ్చే సీజను మన నీలంచొక్కా వేసుకుని ప్రాణం పెట్టి ఆడతాను.”

మేనేజరు గబుక్కున కాగితాలు లాక్కుని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

“ఛఛ, నీలంచొక్కా నీకెందుకు బాబూ?” అన్నాడు. “ఈసారి మనకి గట్టి పోటీ పచ్చచొక్కాలు, అక్కడికెళ్లు.”