ఆ ఇరవై మంది

“ఒక్క అంకె మార్చండి మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటాను. ఏదో ఒక జబ్బుందని రాయండి చాలు.”

ల్యాబ్ టెక్నీషియన్ తలెత్తి చూసింది. కుట్టుపని చేసే ఆ మనిషి వేళ్లు ముడవలేక, రిపోర్టును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని నిలబడింది.

“సంతోషించాల్సింది పోయి ఇదేం కోరికమ్మా? అన్నీ నార్మలే కదా!”

“అదే నా కొంప ముంచింది. కత్తెర పట్టుకుంటే ప్రాణం పోతోంది. బయట మా ఆయనున్నాడు. రిపోర్టు నార్మలని వస్తే, ఇక నొప్పి అన్న మాటెత్తితే ఊరుకోనన్నాడు. అసలు ఏది నార్మలో తేల్చిందెవరు మేడమ్?”

“ఈ మిషన్ కొన్నప్పుడు, ఆరోగ్యంగా ఉన్న ఇరవై మంది రక్తం పరీక్షించి, ఏ అంకె నుంచి ఏ అంకె దాకా నార్మలో ఆ హద్దులు సరిచూశాం. అందరం ఇక్కడి స్టాఫే.”

“మీలో ఎవరికీ నొప్పుల్లేవా?”

“ఎవరూ అడగలేదు. రోజూ డ్యూటీకొస్తున్నాంగా, బాగున్నట్టే...”

పొద్దున్నే వేడినీళ్లలో నానబెడితే తప్ప విచ్చుకోని తన వేళ్లకేసి చూసుకుంది టెక్నీషియన్. పదేళ్లుగా అంతే. అందరికీ ఇంతే కాబోలనుకుంది.

మెల్లగా గ్లవ్స్ లాగేసింది. కణుపులన్నీ ఉబ్బి ఉన్నాయి.

“మీ ఆయన్ని లోపలికి పిలువమ్మా. ఆ ఇరవై మందిలో నేనొకదాన్ని. నా చేతులు కూడా చూసి పొమ్మను.”